నోటి క్యాన్సర్‌లో రోగనిరోధక సూచికలు

నోటి క్యాన్సర్‌లో రోగనిరోధక సూచికలు అనగా నోటిలోని కణితిలో గాని, రోగి రక్తంలో గాని కనిపించే, శరీర రక్షణ వ్యవస్థ స్థితిని తెలిపే కొలతలు. కణితిలోకి చేరిన లింఫోసైట్ల సాంద్రత, కణాల ఉపరితలంపై ఉండే పిడి-ఎల్1 అనే మాంసకృత్తు, రక్తంలో న్యూట్రోఫిల్‌లకు లింఫోసైట్లకు గల నిష్పత్తి వీటిలో ముఖ్యమైనవి. ఒకే దశలో ఉన్న ఇద్దరు రోగులకు ఒకే చికిత్స చేసినప్పుడు ఒకరు చాలాకాలం ఆరోగ్యంగా జీవించడం, మరొకరికి కొద్ది నెలల్లోనే వ్యాధి తిరగబెట్టడం వైద్యులు తరచుగా చూసే విషయం. ఈ తేడాలో కొంత భాగాన్ని రోగనిరోధక సూచికలు వివరిస్తాయి. అయితే ఇవి వ్యాధి దశకు ప్రత్యామ్నాయం కావు. దశ చెప్పే విషయానికి మరికొంత సమాచారాన్ని చేర్చడమే వీటి పని.

నోటి క్యాన్సర్ స్వరూపం

పెదవులు, బుగ్గల లోపొర, చిగుళ్ళు, నాలుక ముందరి మూడింట రెండు వంతుల భాగం, నాలుక కింది భాగం, గట్టి అంగిలి - వీటిలో పుట్టే క్యాన్సర్‌ను నోటి క్యాన్సర్ అంటారు. వీటిలో నూటికి తొంభైకి పైగా స్క్వామస్ సెల్ కార్సినోమా రకానికి చెందినవి. నోటి లోపలి పొరలోని చదునైన కణాలు అదుపు తప్పి పెరగడం వల్ల ఇది ఏర్పడుతుంది.

భారతదేశంలో ఈ వ్యాధి ఎక్కువ. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం దేశంలో ఆ ఏడాది పెదవి, నోటి క్యాన్సర్ కొత్తగా సుమారు 1,43,000 మందికి వచ్చింది. సుమారు 80,000 మంది మరణించారు. ప్రపంచం మొత్తంమీద కొత్త కేసులు సుమారు 3,90,000. అనగా ప్రపంచంలోని ప్రతి ముగ్గురు రోగులలో ఒకరికి పైగా భారతీయులే.

పొగాకు, వక్క, మద్యం ప్రధాన కారణాలు. పొగాకును చుట్ట, బీడీ, సిగరెట్టు రూపంలో కాల్చడం, ఖైనీ, జర్దా, గుట్కా రూపంలో నమలడం రెండూ ప్రమాదకరమే. పొగాకు కలపని తాంబూలం కూడా వక్క కారణంగా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన గ్రంథంలో నిర్ధారించింది.

ఆంధ్రదేశంలో నోటి క్యాన్సర్ పరిశోధన

నోటి క్యాన్సర్ పరిశోధన చరిత్రలో తెలుగు ప్రాంతానికి ప్రత్యేక స్థానం ఉంది. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల తీరప్రాంత గ్రామాలలో చుట్టను నిప్పు ఉన్న కొసను నోటిలోపల ఉంచుకుని కాల్చే అలవాటు ఉండేది. దీనిని అడ్డపొగ అంటారు. ఈ అలవాటు స్త్రీలలో ఎక్కువగా కనిపించేది. నిప్పు వేడి, పొగ రెండూ నేరుగా అంగిలికి తగలడం వల్ల, ఇతర ప్రాంతాలలో అరుదైన గట్టి అంగిలి క్యాన్సర్ ఇక్కడ తరచుగా కనిపించింది. భారతీయ రోగనిర్ధారణ శాస్త్రానికి ఆద్యుడిగా పేరొందిన వి.ఆర్.ఖనోల్కర్ 1945లో, భారతదేశంలోని ఆచారాలకు క్యాన్సర్‌కు గల సంబంధాన్ని చర్చించిన వ్యాసంలో దీనిని వివరించాడు.

1971లో డెన్మార్క్‌కు చెందిన యెన్స్ పిండ్‌బోర్గ్, భారతీయ దంతవైద్య పరిశోధకుడు ఫలీ మెహతా, వారి సహచరులు శ్రీకాకుళం జిల్లాలోని 10,169 మంది గ్రామీణులను పరీక్షించి ఫలితాలను ప్రచురించారు. వారిలో నూటికి 40 మందికి పైగా అడ్డపొగ తాగేవారే. తరువాత ఇదే జిల్లాతో పాటు కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాలలో సుమారు 36,000 మంది పొగాకు వాడకందారులపై ఒక నివారణ అధ్యయనం జరిగింది. పొగాకు మానమని ఇంటింటికి వెళ్ళి చెప్పడం వల్ల అలవాటు తగ్గుతుందని, దానితోపాటు నోటిలోని తెల్లమచ్చలు కూడా తగ్గుతాయని 1986లో వెలువడిన ఫలితాలు తెలిపాయి.

ఈ తొలితరం పరిశోధనలు క్యాన్సర్ ఎందుకు వస్తుంది అనే ప్రశ్నకు సమాధానం వెతికాయి. వచ్చిన తరువాత ఎవరు బ్రతుకుతారు అనే రెండవ ప్రశ్నకు సమాధానంలో భాగంగా రోగనిరోధక సూచికల అధ్యయనం సాగుతున్నది.

రోగనిరోధక వ్యవస్థకు, కణితికి మధ్య పోరు

శరీరంలో తరచుగా పుట్టే లోపభూయిష్ట కణాలను రోగనిరోధక వ్యవస్థ గుర్తించి తొలగిస్తుందని 1957లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఫ్రాంక్ మాక్‌ఫర్లేన్ బర్నెట్ ప్రతిపాదించాడు. దీనిని రోగనిరోధక పహరా అనవచ్చు. తరువాతి పరిశోధనలు ఈ పోరును మూడు ఘట్టాలుగా వర్ణించాయి. మొదటి ఘట్టంలో రక్షక కణాలు క్యాన్సర్ కణాలను నిర్మూలిస్తాయి. రెండవ ఘట్టంలో ఇరుపక్షాలు సమబలంతో ఉండి కణితి పెరగకుండా నిలుస్తుంది. మూడవ ఘట్టంలో, రక్షక కణాల కన్ను గప్పే నేర్పు సంపాదించిన క్యాన్సర్ కణాలు మిగిలి విస్తరిస్తాయి. నోటిలో కంటికి కనబడే కణితి ఏర్పడిందంటే వ్యాధి మూడవ ఘట్టానికి చేరిందని అర్థం.

కణితిని ఎదుర్కోవడంలో ప్రధానమైనవి సిడి8 టి లింఫోసైట్లు. ఇవి క్యాన్సర్ కణం తన ఉపరితలంపై హెచ్.ఎల్.ఏ అనే అణువు ద్వారా ప్రదర్శించే మాంసకృత్తు ముక్కలను గుర్తించి ఆ కణాన్ని చంపుతాయి. దీని నుండి తప్పించుకోవడానికి క్యాన్సర్ కణాలు అనేక మార్గాలు అనుసరిస్తాయి. కొన్ని హెచ్.ఎల్.ఏ అణువులను తయారుచేయడం మానివేస్తాయి. కొన్ని పిడి-ఎల్1 అనే మాంసకృత్తును ధరిస్తాయి. టి కణంపై ఉండే పిడి-1 అనే గ్రాహకానికి ఇది తగులుకోగానే టి కణం పని మందగిస్తుంది. మామూలుగా ఈ ఏర్పాటు రోగనిరోధక వ్యవస్థ హద్దు మీరి సొంత శరీరానికే హాని చేయకుండా ఉంచే కళ్ళెం వంటిది. క్యాన్సర్ కణం ఆ కళ్ళేన్ని తన చేతిలోకి తీసుకుంటుంది. పిడి-1ను 1992లో జపాన్‌కు చెందిన తసుకు హోంజో పరిశోధనాగారం కనుగొన్నది. రోగనిరోధక కళ్ళేలను తొలగించి క్యాన్సర్‌కు చికిత్స చేయవచ్చని చూపినందుకు హోంజోకు, అమెరికాకు చెందిన జేమ్స్ ఆలిసన్‌కు 2018లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

కణితిలో కనిపించే సూచికలు

నోటి నుండి తీసిన చిన్న ముక్కను ఫార్మలిన్‌లో భద్రపరచి, మైనపు దిమ్మలో బిగించి, పలుచని పొరలుగా కోసి, హిమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రంగులు వేసి సూక్ష్మదర్శినిలో చూడడం క్యాన్సర్ నిర్ధారణకు ఆధారం. ఫలానా కణాన్ని లేదా మాంసకృత్తును ప్రత్యేకంగా గుర్తించవలసినప్పుడు దానికి సరిపోయే ప్రతిరక్షకాన్ని వాడి రంగు తెప్పిస్తారు. ఈ పద్ధతికి ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అని పేరు.

కణితిలోకి చొరబడిన లింఫోసైట్లు

కణితి మధ్యలోను, దాని చుట్టూ ఉన్న ఆధార కణజాలంలోను చేరిన లింఫోసైట్లు అతి ముఖ్యమైన సూచిక. ఇవి ఎక్కువగా ఉన్న రోగులు, ముఖ్యంగా సిడి8 కణాలు దట్టంగా ఉన్నవారు, సగటున ఎక్కువ కాలం జీవించినట్లు అనేక అధ్యయనాలు తెలుపుతున్నాయి. సంఖ్యతో పాటు స్థానం కూడా ముఖ్యమే. లింఫోసైట్లు కణితి లోపలికి చేరితే దానిని ఉద్రిక్త కణితి అని, అంచువద్దనే ఆగిపోతే బహిష్కృత కణితి అని, ఎక్కడా కనబడకపోతే ఎడారి కణితి అని వర్గీకరిస్తారు. రోగనిరోధక కణాల రకం, సాంద్రత, స్థానం అనే మూడింటి ఆధారంగా రోగగతిని చెప్పవచ్చని ఫ్రాన్స్ శాస్త్రవేత్త జెరోమ్ గాలోన్ బృందం 2006లో పెద్దప్రేగు క్యాన్సర్‌లో చూపింది. నోటి క్యాన్సర్‌లో జరిగిన పరిశోధనలలో చాలావరకు ఆ బాటలోనే సాగాయి.

లింఫోసైట్ల మొత్తం సాంద్రతను అంచనా వేయడానికి మామూలు హిమటాక్సిలిన్, ఇయోసిన్ రంగుల స్లైడు చాలు. ఆధార కణజాలంలో ఎంత శాతం భాగాన్ని లింఫోసైట్లు ఆక్రమించాయో రోగనిర్ధారణ నిపుణుడు లెక్కకడతాడు. దీనికి అదనపు ఖర్చు లేదు.

నియంత్రక టి కణాలు

ఫాక్స్-పి3 అనే మాంసకృత్తు కలిగిన నియంత్రక టి కణాలు ఇతర టి కణాలను అదుపులో ఉంచుతాయి. వీటికి సంబంధించిన పరిశోధనలకు మేరీ బ్రంకౌ, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచి 2025లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి పొందారు. ఇవి ఎక్కువైతే కణితికి మేలు, రోగికి కీడు అని ముందుగా భావించారు. కాని తల, మెడ క్యాన్సర్లలో కొన్ని అధ్యయనాలు దీనికి విరుద్ధమైన ఫలితాన్ని చూపాయి. బలమైన రోగనిరోధక చర్య జరుగుతున్న చోటికే వాటిని అదుపు చేసే కణాలు కూడా చేరడం ఇందుకు ఒక వివరణ. అందువల్ల వీటిని విడిగా కాక సిడి8 కణాలతో కలిపి చూస్తారు.

స్థూలభక్షక కణాలు

కణితిలోని స్థూలభక్షక కణాలలో సిడి163 సూచిక గలవి సాధారణంగా కణితికి సహాయపడే స్వభావం కలవి. ఇవి కొత్త రక్తనాళాలు పుట్టడానికి, టి కణాలు అణగి ఉండడానికి తోడ్పడతాయి. నోటి క్యాన్సర్‌లో ఇవి ఎక్కువగా ఉంటే మనుగడ తగ్గుతున్నట్లు అధ్యయనాలు చూపుతున్నాయి.

పిడి-ఎల్1 సంయుక్త అంకె

పిడి-ఎల్1ను కొలవడానికి తల, మెడ క్యాన్సర్లలో సంయుక్త అంకెను వాడతారు. రంగు తేలిన క్యాన్సర్ కణాలు, లింఫోసైట్లు, స్థూలభక్షక కణాలు మూడింటినీ కలిపి, ఆ మొత్తాన్ని జీవించి ఉన్న క్యాన్సర్ కణాల సంఖ్యతో భాగించి, నూటితో గుణిస్తారు. ఉదాహరణకు 200 క్యాన్సర్ కణాలు ఉన్న చోట వాటిలో 30 కణాలకు, పక్కనున్న 20 రోగనిరోధక కణాలకు రంగు తేలితే అంకె 25 అవుతుంది. లెక్కకు కనీసం 100 క్యాన్సర్ కణాలు ఉండాలి.

పిడి-ఎల్1 ఎక్కువగా ఉంటే రోగి త్వరగా మరణిస్తాడని చెప్పడానికి వీలులేదు. ఈ విషయంలో అధ్యయనాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. కణితిలోకి టి కణాలు వచ్చి ఇంటర్ఫెరాన్-గామా విడుదల చేసినందుకు ప్రతిచర్యగా కూడా పిడి-ఎల్1 పెరగవచ్చు. అప్పుడు అది శత్రువు బలానికే కాక రక్షకుల రాకకు కూడా గుర్తు అవుతుంది.

రక్తంలో కనిపించే సూచికలు

న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి అన్నింటికంటె సులభమైన సూచిక. మామూలు రక్తపరీక్షలో వచ్చే న్యూట్రోఫిల్‌ల సంఖ్యను లింఫోసైట్ల సంఖ్యతో భాగిస్తే ఇది వస్తుంది. న్యూట్రోఫిల్‌లు 6,000, లింఫోసైట్లు 1,500 ఉంటే నిష్పత్తి 4. న్యూట్రోఫిల్‌లు పెరగడం శరీరంలో వాపు చర్యకు, లింఫోసైట్లు తగ్గడం రక్షణ బలహీనతకు గుర్తు. చికిత్సకు ముందు ఈ నిష్పత్తి ఎక్కువగా ఉన్న నోటి క్యాన్సర్ రోగులలో మనుగడ తక్కువగా ఉన్నట్లు పలు దేశాల అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణలు తెలుపుతున్నాయి. అయితే ఎంతకు మించితే ఎక్కువ అనాలి అనే విషయంలో ఏకాభిప్రాయం లేదు. పుచ్చిన పళ్ళ వల్ల కలిగే చీము, ఇతర అంటువ్యాధులు, స్టెరాయిడ్ మందులు, పొగతాగడం కూడా న్యూట్రోఫిల్‌లను పెంచుతాయి. నోటి క్యాన్సర్ రోగులలో ఇవన్నీ సామాన్యం కనుక ఈ అంకెను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి.

పోషక-రోగనిరోధక సూచిక మరొకటి. రక్తంలోని ఆల్బుమిన్‌ను డెసిలీటరుకు గ్రాములలో తీసుకుని పదితో గుణించి, ఘన మిల్లీమీటరుకు ఉన్న లింఫోసైట్ల సంఖ్యను 0.005తో గుణించి దానికి కలుపుతారు. ఆల్బుమిన్ 4, లింఫోసైట్లు 1,500 అయితే సూచిక 47.5. నోరు తెరవలేక, మింగలేక తిండి తగ్గిన రోగులలో ఇది పడిపోతుంది. దీని ప్రయోజనం భవిష్యత్తు చెప్పడంతో ఆగదు. శస్త్రచికిత్సకు ముందే రోగికి గొట్టం ద్వారా గాని, ఇతర విధాలుగా గాని పోషణ అందించవలసిన అవసరాన్ని ఇది గుర్తుచేస్తుంది.

మనుగడను లెక్కించే విధానం

ఒక సూచిక మనుగడను తెలుపుతుంది అనడానికి గణాంకశాస్త్ర నిరూపణ కావాలి. రోగులను సూచిక ఎక్కువ ఉన్నవారు, తక్కువ ఉన్నవారు అని రెండు గుంపులుగా చేసి, కాలం గడిచేకొద్దీ ప్రతి గుంపులో ఎందరు జీవించి ఉన్నారో గీతగా గీస్తారు. దీనిని కాప్లాన్-మేయర్ రేఖ అంటారు. ఈ పద్ధతి 1958లో వెలువడింది. రెండు గీతల మధ్య తేడా యాదృచ్ఛికమా, నిజమైనదా అని లాగ్-ర్యాంక్ పరీక్షతో తేలుస్తారు. దశ, వయసు వంటి ఇతర అంశాలను కూడా లెక్కలోకి తీసుకోవడానికి 1972లో డేవిడ్ కాక్స్ ప్రతిపాదించిన నమూనాను వాడతారు. కాక్స్ నమూనాలో చేసే స్కోర్ పరీక్షయే లాగ్-ర్యాంక్ పరీక్షకు సమానం. ఈ స్కోర్ పరీక్షను 1948లో రూపొందించినవాడు తెలుగువాడైన కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆయన చిన్ననాటి చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో సాగింది.

ఈ లెక్కలు గుంపులకు చెందినవి. సూచిక అననుకూలంగా ఉన్న గుంపులో కూడా దీర్ఘకాలం జీవించేవారు ఉంటారు. అనుకూలంగా ఉన్న గుంపులో కూడా త్వరగా మరణించేవారు ఉంటారు. కాబట్టి ఒక్క అంకెను చూసి ఒక రోగి ఇంతకాలమే బ్రతుకుతాడని చెప్పడం శాస్త్రీయం కాదు.

రోగగతి సూచిక, చికిత్సాఫల సూచిక

సూచికలు రెండు రకాలు. ఏ చికిత్స చేసినా వ్యాధి ఎలా పరిణమిస్తుందో తెలిపేది రోగగతి సూచిక. ఫలానా మందు పనిచేస్తుందా లేదా అని తెలిపేది చికిత్సాఫల సూచిక. సిడి8 కణాల సాంద్రత, న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి ప్రధానంగా మొదటి రకానికి చెందినవి. పిడి-ఎల్1 ప్రధానంగా రెండవ రకానికి చెందినది. ఈ తేడాను గమనించకపోతే రోగి అనవసరంగా భయపడడమో, పనికిరాని మందుకు డబ్బు పోయడమో జరుగుతుంది.

చికిత్సలో ఉపయోగం

2016లో ప్రచురితమైన చెక్‌మేట్-141 ప్రయోగంలో, ప్లాటినం మందులకు లొంగని తల, మెడ క్యాన్సర్ గల 361 మంది పాల్గొన్నారు. పిడి-1ను అడ్డుకునే నివోలుమాబ్ పొందినవారిలో ఒక సంవత్సరం తరువాత 36 శాతం మంది, ఇతర మందులు పొందినవారిలో 16.6 శాతం మంది జీవించి ఉన్నారు. 2019లో ప్రచురితమైన కీనోట్-048 ప్రయోగంలో పెంబ్రోలిజుమాబ్‌ను అప్పటి ప్రామాణిక చికిత్సతో పోల్చారు. సంయుక్త అంకె 20 లేదా అంతకు మించిన రోగులలో మధ్యస్థ జీవనకాలం 10.7 నెలల నుండి 14.9 నెలలకు పెరిగింది. అప్పటినుండి శస్త్రచికిత్సకు వీలుకాని లేదా తిరగబెట్టిన వ్యాధిలో మందు ఎంపికకు పిడి-ఎల్1 పరీక్ష అవసరమైంది. 2025లో వెలువడిన కీనోట్-689 ప్రయోగంలో, శస్త్రచికిత్సకు ముందు, తరువాత కూడా పెంబ్రోలిజుమాబ్ ఇచ్చిన గుంపులో మూడేళ్ళ తరువాత వ్యాధి ముదరకుండా, తిరగబెట్టకుండా ఉన్నవారు 57.6 శాతం, ఇవ్వని గుంపులో 46.4 శాతం. ఈ ప్రయోగంలో 714 మంది పాల్గొన్నారు.

ఈ మందులు మిక్కిలి ఖరీదైనవి. భారతీయ రోగులలో చాలామందికి పూర్తి మోతాదు అందుబాటులో లేదు. ఈ సమస్యకు ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు ఒక మార్గం చూపారు. 2020లో వారు ప్రచురించిన ప్రయోగంలో, ఇంటివద్ద నోటిద్వారా తీసుకునే మెథోట్రెక్సేట్, సెలెకాక్సిబ్ మాత్రలు పొందిన రోగుల మధ్యస్థ జీవనకాలం 7.5 నెలలు, సిస్‌ప్లాటిన్ ఇంజెక్షను పొందినవారిది 6.1 నెలలు. 2022లో వెలువడిన మరొక ప్రయోగంలో, ఈ మాత్రలకు ఎర్లోటినిబ్ చేర్చిన చికిత్సతో పాటు మూడు వారాలకొకసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ ఇచ్చారు. ఇది మామూలు మోతాదులో పదవ వంతుకంటె తక్కువ. అయినప్పటికీ ఒక సంవత్సరం తరువాత జీవించి ఉన్నవారు 16.3 శాతం నుండి 43.4 శాతానికి పెరిగారు.

ఈ చికిత్సలోని మెథోట్రెక్సేట్‌కు తెలుగునాటితో సంబంధం ఉంది. భీమవరంలో 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల నుండే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ రూపొందాయి. పిల్లల రక్తక్యాన్సర్‌కు అమినోప్టెరిన్ వాడి సిడ్నీ ఫార్బర్ 1948లో ఫలితాలు ప్రకటించాడు. సుబ్బారావు అదే సంవత్సరంలో మరణించాడు.

దశకు గల ప్రాధాన్యత

రోగనిరోధక సూచికలు ఎంత అభివృద్ధి చెందినా, మనుగడను నిర్ణయించడంలో వ్యాధి దశకే మొదటి స్థానం. కణితి పరిమాణం, అది లోపలికి చొచ్చుకుపోయిన లోతు, మెడలోని శోషరస గ్రంథులకు పాకడం, గ్రంథి పొరను చీల్చుకుని బయటకు రావడం వీటిలో ముఖ్యమైనవి. 2018 నుండి అమలులోకి వచ్చిన దశల విభజనలో చొచ్చుకుపోయిన లోతును 5 మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్లు అనే హద్దులతో లెక్కిస్తున్నారు.

తొలిదశలో ఉన్నప్పుడు కూడా మెడ గ్రంథులను ముందుగానే తొలగించడం మేలని టాటా మెమోరియల్ ఆసుపత్రి 2015లో ప్రచురించిన ప్రయోగం నిరూపించింది. ముందుగా తొలగించినవారిలో మూడేళ్ళ తరువాత 80 శాతం మంది జీవించి ఉండగా, గ్రంథులు ఉబ్బిన తరువాత తొలగించినవారిలో 67.5 శాతం మంది జీవించి ఉన్నారు.

పరిమితులు

ఈ సూచికలపై జరిగిన అధ్యయనాలలో చాలావరకు ఒకే ఆసుపత్రిలోని పాత రికార్డులపై ఆధారపడినవి. హద్దుగా తీసుకునే అంకె ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా ఉంటుంది. చిన్న ముక్కలో కనిపించినది మొత్తం కణితికి వర్తించకపోవచ్చు. గొంతు వెనుక భాగంలో హెచ్.పి.వి వైరస్ వల్ల వచ్చే క్యాన్సర్‌లో రోగనిరోధక స్పందన బలంగా ఉండి మనుగడ మెరుగ్గా ఉంటుంది. భారతదేశంలో పొగాకు, వక్కల వల్ల వచ్చే నోటి క్యాన్సర్ వేరైనది. కాబట్టి పాశ్చాత్య దేశాలలో రెండింటినీ కలిపి చేసిన అధ్యయనాల ఫలితాలను బుగ్గ, చిగురు క్యాన్సర్లకు యథాతథంగా అన్వయించడం తగదు.

కృష్ణా డెల్టా ప్రాంతంలో ఆచరణ

విజయవాడకు పడమటి దిక్కున కృష్ణానది ఒడ్డున, హైదరాబాదు రహదారిపై ఉన్న ఇబ్రహీంపట్నం వంటి ఊరిలో నోటిలో మానని పుండు గమనించిన వ్యక్తికి వైద్యపరీక్ష దూరమైన విషయం కాదు. మండలంలోని జూపూడిలో వైద్య కళాశాల, విజయవాడలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల, సిద్ధార్థ వైద్య కళాశాల ఉన్నాయి. నదికి ఆవలి ఒడ్డున మంగళగిరిలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఉంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం క్యాన్సర్ శస్త్రచికిత్స, రేడియేషన్, కీమోథెరపీలను పేదలకు అందుబాటులోకి తెచ్చింది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకానికి ఎన్టీఆర్ వైద్యసేవ అని పేరు పెట్టారు.

రోగనిరోధక సూచికలలో చవకైన రెండు - మామూలు స్లైడులో లింఫోసైట్ల అంచనా, రక్తపరీక్షలో న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి - ఏ బోధనాసుపత్రిలోనైనా సాధ్యమే. ముక్క పరీక్ష నివేదికలో వీటిని రాస్తే, దగ్గరగా పరిశీలనలో ఉంచవలసిన రోగులను గుర్తించడానికి వీలవుతుంది. పిడి-ఎల్1 పరీక్ష ఖర్చుతో కూడినది. దాని ఫలితంపై ఆధారపడి మందు ఇచ్చే ఉద్దేశం ఉన్నప్పుడే అది ఉపయోగకరం.

వీటన్నింటికంటె రోగి ఆయుర్దాయాన్ని ఎక్కువగా పెంచేది ముందుగా గుర్తించడమే. రెండు మూడు వారాలలో మానని పుండు, చెరిపినా పోని తెల్లమచ్చ, మెత్తని ఎర్రమచ్చ, కారం తగిలితే మంట, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, మెడలో గడ్డ, కారణం లేకుండా పళ్ళు కదలడం - వీటిలో ఏది కనిపించినా దంతవైద్యునికి చూపించాలి. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి వెళ్ళి కేవలం దీపం వెలుగులో నోరు పరీక్షించడం వల్ల, పొగాకు లేదా మద్యం అలవాటు ఉన్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గినట్లు 2005లో వెలువడిన అధ్యయనం నిరూపించింది. కణితిలోని లింఫోసైట్లను లెక్కించడానికి ప్రయోగశాల కావాలి. నోరు తెరిచి చూడడానికి వెలుతురు చాలు.

ఇవి కూడా చూడండి

క్యాన్సర్
పొగాకు
అడ్డపొగ
రోగనిరోధక వ్యవస్థ
ఎల్లాప్రగడ సుబ్బారావు
కల్యంపూడి రాధాకృష్ణారావు
ఇబ్రహీంపట్నం (ఎన్టీఆర్ జిల్లా)